పడావు అని రాసిన నా చేను కోసం అశోక్‌నగర్ దాకా

నా చేను పడావు పడిందట. పంచాయతీ గోడకు అంటించిన కాగితంలో ఆ ముక్క నేనే చదివాను. యాభై దాటాక సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చుకున్న నాకు, చదివినందుకు ఒళ్లు మండిన మొదటి కాగితం అదే. విమానంతో తీసిన సర్వేలో మా ఎకరం ముప్పై గుంటలు పంట లేని పొదల నేలగా తేలిందట. సర్కారు ఇచ్చిన భూమిని సాగు చేయకపోతే వెనక్కి తీసుకోవచ్చట. అభ్యంతరం ఉంటే పదిహేను రోజుల్లో నారాయణగూడలోని సర్వే ఆఫీసుకు రావాలట. అప్పటికే పన్నెండు రోజులు గడిచాయి. చేలో జొన్న కంకి వేసి ఉంది, కంది పూత మీద ఉంది.

మర్నాడు పొద్దున అయిదున్నరకు మొదటి బస్సు ఎక్కాను. ఆడవాళ్లకు బస్సు ఉచితమే కానీ ఆధార్ కార్డు చూపాలి, మరచిపోకండి. చేతిలో ఒక మూట. తడి గోనెలో చుట్టిన జొన్న మొక్క, కంది కొమ్మ, చిక్కుడులాంటి అనుము తీగ.

పాలమూరు స్టేషన్లో ఏడింటి ప్యాసింజరు దొరికింది. నా ఎదుట తట్ట, పార పెట్టుకుని ఒకామె కూర్చుంది. నల్లకుంటలో ఇల్లు కడుతున్న చోట మట్టి మోసే పని ఆమెది.

"ఏందక్కా, చేనంత పీక్కొని పోతున్నవా?"

"చేనే లేదంటున్రు. చూపెట్టనీకి పోతున్న."

"లేదన్నోడు ఎవడు?"

"ఇమానం."

ఆమె పడీపడీ నవ్వింది. తర్వాత నా మోకాలి మీద చెయ్యేసింది. "ఆఫీసుల కుర్చీ కనవడంగనే కూసో. నిలవడి మాట్లాడితే జల్ది ఎల్లగొడ్తరు."

తొమ్మిది నలభైకి కాచిగూడలో దిగాను. బయట బండి మీద నాలుగు ఇడ్లీలు తిని, సిటీ బస్సులో నారాయణగూడ చేరాను. కాగితంలో ఉన్న మేడకు తాళం.

"ఆఫీసు మారి నాలుగు నెల్లాయె. అశోక్‌నగర్ పో అమ్మా," అన్నాడు కాపలా ఆయన. పదమూడు రోజుల కింద అంటించిన కాగితంలో నాలుగు నెలల కింద ఖాళీ చేసిన చిరునామా! మేము ఎలాగూ రామని వాళ్ల నమ్మకం కాబోలు.

చిక్కడపల్లి మీదుగా నడిచాను. మార్కెట్ దగ్గర కూరగాయలమ్మే ఆవిడ మూటలోంచి వేలాడుతున్న తీగ చూసి, "అనుపకాయనా, ఎంతకిస్తవ్?" అని అడిగింది. బజార్లో కూర్చున్న మనిషి ఒక్క చూపులో గుర్తుపట్టింది.

అశోక్‌నగర్లో గోడలన్నీ కోచింగ్ బోర్డులే. నౌకరీ పరీక్షలకు చదివే పిల్లల హాస్టల్ పైన, రెండో అంతస్తులో ఆఫీసు దొరికేసరికి పదకొండున్నర. కంప్యూటర్ ముందున్న ఇంజనీరు మర్యాదస్తుడే. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

మనం పచ్చ అని ఒక్క మాటతో వదిలేసే రంగును విమానానికి కట్టిన కెమెరా వందల పాయలుగా విడదీసి చూస్తుందట. ఏ ఆకు వెలుతురును ఏ తీరుగా తిప్పికొడుతుందో దాన్నిబట్టి పంటను గుర్తుపడుతుందట. లైడార్ అనే ఇంకో యంత్రం పైనుంచి లేజర్ వెలుతురు కొట్టి, అది తిరిగొచ్చే సమయాన్నిబట్టి మొక్క ఎత్తు కొలుస్తుందట. తెర మీద నా చేను ఎర్రగా ఉంది, పడావుకు ఆ రంగట.

"ఎత్తుపల్లాలుగ ఉన్నదమ్మా. పొదలు గిట్లనే ఉంటయి."

మూట విప్పి బల్ల మీద పరిచాను. "జొన్న పొడుగు, కంది నడుము దాక, అనుము కింద. మూడు కలిపి ఇత్తితే ఎత్తుపల్లాలు గాక ఇంకేముంటది? ఇన్ని రంగులు చూసే యంత్రానికి ఇది ఎర్కలేదా?"

"యంత్రానికి ముందుగాల ఎవరన్న చూపెట్టి నేర్పాలె. మావాళ్లు చేన్లకు పోయి రాసుకొచ్చిన కాగితాలతోని నేర్పినం."

"నా చేనుకు ఎవరొచ్చిన్రు?"

ఆయన ఫైలు తిరగేసి ఒక కాగితం తీశాడు. "మీ ముందటనే చూసినమని ఉన్నది. ఇగో, మీ వేలిముద్ర."

కాగితం ఆయన చేతిలోంచి లాక్కున్నాను. నా పేరు, సర్వే నంబరు, 'పంట లేదు, పొదలు', కింద నీలం ముద్ర. నాలుగేళ్లుగా నేను సంతకం పెడుతున్నాను. బ్యాంకు పుస్తకం తీసి ఆయన ముందు పెట్టాను. చేనుకు రాకుండానే, ముసలిది కదా వేలిముద్రేగా అనుకుని ఎవడో వేసేశాడు.

ఆయన పుస్తకంలో నా సంతకం చూశాడు. నెమ్మదిగా అసలు సంగతి చెప్పాడు. పడావు భూమి ఇలా ఉంటుందని యంత్రానికి చూపించిన నమూనా నా చేనే. దాన్ని పోలినవని మా పక్కనున్న మరో పదకొండు చేలకు అదే ఎరుపు పూసిందట. నేను విత్తి, కలుపు తీసిన చేనును నా పక్కవాళ్ల మీద దొంగసాక్ష్యానికి నిలబెట్టారు.

"మీదొక్కటి ఇప్పుడే మారుస్తనమ్మా."

"పన్నెండు మారేదాక నేను లేవ."

పెద్దసారు వచ్చేసరికి ఒకటిన్నర. నా అభ్యంతరం నా చేత్తోనే రాశాను, అరగంట పట్టింది. పన్నెండు చేలనూ వెనక్కి తీసుకోకుండా ఆపి పెట్టామని, గురువారం చేలకు వచ్చి మళ్లీ చూస్తామని ఇంకో కాగితం ఇచ్చి ముద్ర కొట్టారు. ఆ దొంగకాగితం నకలు కూడా అడిగాను. ఆఫీసు బంట్రోతు వెంట కింది జిరాక్సు కొట్టుకు పంపారు.

"గ్రూప్ టూనా, త్రీనా అమ్మా?" అన్నాడు కొట్టతను.

"నాదింక వాచకమే బిడ్డా."

పక్క మెస్సులో ఎనభై రూపాయలకు భోజనం. పప్పు బాగుంది. కందిపప్పే.

నాలుగు నలభై బండికి కిటికీ పక్కన సీటు దొరికింది. నా కోపం ఆ యంత్రం మీద కాదు. చూపించింది నేర్చుకుంది, అంతే. షాద్‌నగర్ దాటాక జిరాక్సు తీసి, ఆ ముద్ర పక్కన నా బొటనవేలు పెట్టి చూసుకున్నాను. కాగితం మీది వేలు అరగనిది, ఒక్కో గీతా లెక్కపెట్టొచ్చు. నలభై ఏళ్లు కలుపు పీకిన నా వేలికి అన్ని గీతలు ఎక్కడ మిగిలాయి?

గురువారం పన్నెండు ఇళ్లవాళ్లమూ గట్ల మీద ఉంటాం. వచ్చినవాళ్లకు చేను చూపించే ముందు, వాళ్ల బొటనవేళ్లు చూపించమంటాను.