సోలెడు జొన్నలకు సబ్బు ముక్క

సబ్బును దారంతో కొయ్యడం ఒక విద్య. కత్తితో కోస్తే అంచులు రాలిపోతాయి. నాందేడ్ జిల్లా కుండల్‌వాడిలో నాకు పెద్దమ్మ వరుసయ్యే ఒకావిడ కిరాణా దుకాణం నడిపేది. భర్త పోయాక ఆమెకు ఆ దుకాణమే కూడూ గుడ్డా. సబ్బు బిళ్లను పీట మీద పెట్టి, దారం రెండు కొసలూ వేళ్లకు చుట్టుకుని ఒక్క నొక్కు నొక్కేది. మూడు నొక్కులకు నాలుగు ముక్కలు. కంపెనీ పేరు బిళ్ల నడుమ అచ్చొత్తి ఉండేది కాబట్టి నడిమి రెండు ముక్కలకే అక్షరాలు దక్కేవి. కూలికి పోయే ఆడవాళ్లు వాటికోసం పోట్లాడుకునేవాళ్లు. అక్షరం ఉంటేనే అసలు సబ్బని వాళ్ల నమ్మకం. చదవడం మాత్రం ఒక్కరికీ రాదు.

మా అమ్మ కూడా ఆ పోట్లాటలో ముందుండేది.

డెబ్బైల్లో నేను నాందేడ్‌లో అదే సబ్బు కంపెనీలో ఉద్యోగానికి చేరాను. సముద్రాల అవతలి కంపెనీ. బిలోలిలో మరాఠీ బడిలో చదువుకున్న కూలివాళ్ల కొడుకుకి టెర్లిన్ చొక్కా, తోలుసంచీ, బస్సు ఖర్చులు. ముఖేడ్ నుంచి కుండల్‌వాడి దాకా దుకాణాలు తిరిగి ఆర్డర్లు రాసుకోవడమే పని. ఆ కొత్తలో నా కాళ్లు నేలమీద ఆనలేదు, ఒప్పుకుంటాను.

బొంబాయి నుంచి అప్పుడప్పుడు మా పెద్ద సాబు వచ్చేవాడు. మంచివాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని భోంచేసేవాడు. మా వాళ్లను ఎవరూ పక్కన కూర్చోబెట్టుకోని రోజుల్లో అది చిన్న సంగతి కాదు. తింటూ తింటూ పాఠం చెప్పేవాడు. “సబ్బు ఏ దేశంలోనైనా ఒకటే. అదే వాసన, అదే పేరు. అమ్మే తీరు మాత్రం ఏ ఊళ్లో ఆ ఊరివాళ్ల దగ్గర నేర్చుకోవాలి. ముందు నేర్చుకున్న కంపెనీదే గెలుపు.” అదీ వాళ్ల ఎత్తుగడ. నేర్చుకోవడానికి వాళ్లకు నాలాంటివాళ్ల కళ్లు కావాలి. ఒక ఫారం చేతికిచ్చి, దుకాణాల్లో చూసిందంతా రాసుకు రమ్మన్నాడు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, నా మాట వినేవాడు దొరకడం నాకు అదే మొదటిసారి. పెద్దమ్మ పీట, దారం, మూడు కోతలు, అక్షరాల ముక్కకు జరిగే పోట్లాట, అన్నీ పేజీలకు పేజీలు రాశాను. ఒక్కటే రాయలేదు. ఆ ముక్కల్ని ఎవరూ డబ్బిచ్చి కొనరు. కోతలప్పుడు కూలి జొన్నల్లోనే ఇస్తారు. ఆడవాళ్లు ఆ జొన్నలు ఒడిలో కట్టుకొచ్చి, పెద్దమ్మకు సోలతో కొలిచిచ్చి, ఉప్పూ పసుపూ సబ్బూ తీసుకుపోతారు. ఆ జొన్నల్ని ఆమె బస్తాకెత్తి అడ్తి వ్యాపారికి అమ్ముకునేది. ఫారంలో ‘వీళ్ల చేతిలో డబ్బు ఎక్కువ ఉండేదెప్పుడు?’ అని ఒక ప్రశ్న ఉంది. ‘కోతలయ్యాక’ అని రాసి ఊరుకున్నాను.

ఏడాది తిరక్కుండా కంపెనీ చిన్న బిళ్లలు చేసింది. సరిగ్గా పెద్దమ్మ ముక్కంత. ప్రతి బిళ్ల మీదా పూర్తి పేరు. సాబు నా భుజం తట్టి, “ఇది నీ బిళ్లే” అన్నాడు. దుకాణాలతో పని లేకుండా వారపు అంగడి రోజు జీపులోంచే అమ్ముతామన్నాడు. సబ్బుకోసం వచ్చిన మనిషే ఉప్పూ పసుపూ కొంటుంది. సబ్బు జీపు దగ్గరే దొరికితే ఇక పెద్దమ్మ గడప తొక్కేదెవరు? ఆమె దుకాణానికి తాళం నేనే చేతులారా రాసిచ్చాను.

ముందుగా నేనే చెప్పాలని కుండల్‌వాడి బస్సెక్కాను.

“అంగడినాడు మా జీపు అస్తది పెద్దమ్మా. చిన్న బిళ్లలు తెస్తున్నరు” అన్నాను.

“నేను కోసుడు గా బొంబాయాయనకు ఎట్ల ఎరుక?”

“నేనే రాసిచ్చిన.”

“మంచిగనే రాసినట్టున్నవ్ కొడుకా. సముద్రం అవతల్దాంక పోయింది” అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆపైన, “జొన్నల సంగతి గూడ రాసినవా?” అని అడిగింది.

“లేదు పెద్దమ్మా.”

ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత సోల తీసుకుని కొంగుతో తుడవసాగింది.

అంగడి రోజు జీపు వచ్చింది. మైకులో మరాఠీ, హిందీ, తెలుగు మూడూ మోగాయి. ఆడవాళ్లు చుట్టూ మూగారు, బిళ్లలు వాసన చూశారు, అన్నిటికీ అక్షరాలున్నాయని మురిశారు. ఒక ముసలామె ఒడి విప్పి, “సోలెడు తీస్కో బిడ్డా” అంది. జీపులో కుర్రాడు డబ్బులే కావాలన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆమె వెనక్కి తగ్గితే, వెనకున్నవాళ్లూ తగ్గారు.

సాబు నా వైపు తిరిగాడు. “కోతలయ్యాక చేతినిండా ఉంటుందన్నావు. ఎందుకు కొనడం లేదు? ఆ ఒళ్లో ఏమిటది?”

“ఏవో సామాన్లు సార్” అన్నాను.

అంతలో పెద్దమ్మ జీపు దగ్గరికొచ్చి, నోట్లు తీసి, “డబ్బకు డబ్బ ఇయ్యి” అంది. పెట్టెను నెత్తికెత్తుకుని పోతుంటే ఆడవాళ్లంతా ఆమె వెంట నడిచారు. దుకాణం ముందు సోల చేతులు మారడం నేను జీపు దగ్గర్నుంచే చూశాను. సాబు చూసింది మాత్రం పెట్టె అమ్ముడుపోవడమే. ఈ ప్రాంతంలో చిన్న బిళ్లలు దుకాణాల ద్వారానే వెళ్లాలని ఆయన పైకి రాశాడు. ఆ తర్వాత జీపు మళ్లీ రాలేదు.

ఆ సాయంత్రం పెద్దమ్మ ఒక చిన్న బిళ్ల నా చేతిలో పెట్టింది.

“జొన్నల మాట కడుపుల దాసుకొని నా దుకనం నిలవెట్టినవ్. ఎరుకైతే జీపోళ్లు గూడ సోల వట్టుకొని అస్తుండె. గిది మీ అమ్మకియ్యి. గీ సారి అచ్చరాలన్ని ఉన్నయ్ అని చెప్పు.”

తీసుకున్నాను. ఆమె కోసం దాచలేదని చెప్పలేకపోయాను. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తినే సాబుకు, మా అమ్మ ఒడిలో జొన్నలు కట్టుకుని సబ్బు ముక్కకోసం నిలబడే మనిషని తెలియకూడదనే దాచాను. సిగ్గుపడి దాచాను. అది తల్చుకుంటే ఇప్పటికీ నామీద నాకే కోపం వస్తుంది.

ఇంట్లో అమ్మ బిళ్లను అటూ ఇటూ తిప్పి చూసింది. అక్షరాలను వేలితో తడిమింది.

“ఎన్ని సోలలకిచ్చింది?”

“ఊరికెనే ఇచ్చిందమ్మా.”

“ఆమె ఊరికెనే ఇయ్యదు. నువ్వేం మంచి జేసినవ్ రా ఆమెకు?” అంది అమ్మ, కళ్లలో అంత గర్వంతో.