బంటు గుర్రమైన ఆదివారం

ఆ రోజుల్లో నన్నెవరైనా "నీ జీవితాశయం ఏమిటి?" అని అడిగి ఉంటే "నిద్ర" అని చెప్పి ఉండేదాన్ని. (ఎవరూ అడగలేదు. అడిగినా, ప్రశ్న పూర్తయ్యేలోపు కునుకు తీసేదాన్నేమో.) ఇరవై మూడేళ్ళ వయసు, ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు బళ్ళో లెక్కల టీచరు ఉద్యోగం, జమ్మలమడుగులో ఇల్లు. పొద్దున్నే బస్సులో నిలబడి పోవడం, ఏడు పీరియడ్లు నిలబడి అరవడం, ఎవరైనా సెలవు పెడితే వాళ్ళ పీరియడు కూడా అరవడం, సాయంత్రం మళ్ళీ బస్సు. అమ్మ అన్నం వడ్డించి పప్పు తెచ్చేలోపు గోడకు ఆనుకొని నిద్రపోయేదాన్ని. పోనీ, వేసవి సెలవుల్లో విశ్రాంతి దొరుకుతుంది కదా అంటారేమో, అలా అనేవాళ్ళు ప్రైవేటు బళ్ళలో పనిచేసి ఉండరు. మాకు సెలవులంటే క్యాన్వాసింగు. ఇద్దరిద్దరు టీచర్లు పాంప్లెట్ల కట్ట చంకలో పెట్టుకొని, గడప గడపా ఎక్కి "మీ పిల్లల్ని మా బళ్ళో చేర్పించండమ్మా" అని బతిమాలాలి. అదీ మే నెలలో, మా కడప జిల్లాలో.

మొదటి వేసవిలో ఒక పల్లెలో బియ్యం చెరుగుతున్న ఒకావిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, చెంబుతో నీళ్ళిచ్చి, నేను తాగేదాకా ఆగి అడిగింది. "ఇంత సదువు సదివి ఈ ఎండలో తిరుగుతాండావే పాపా, మా పిల్లనూ సదివించి ఇట్నే తిప్పల్లంటావా?" ఖాళీ చెంబూ, ఒక పాంప్లెట్టూ ఆమె పక్కన పెట్టి పక్కింటి గడప ఎక్కాను. ఆ ఒక్క వేసవికే నా చెప్పులు రెండు జతలు అరిగాయి. వచ్చే ఏడు ఏ రోగం తెచ్చుకొనైనా సరే తప్పించుకోవాలని గట్టిగా అనుకున్నాను.

రోగం అవసరం లేకపోయింది. మరుసటి ఏడు ఏప్రిల్ మీటింగులో మా కరస్పాండెంటు (మేమంతా పెద్దసారు అనేవాళ్ళం) కొత్త ఆలోచనతో వచ్చాడు. "పక్క బడోళ్ళు సెలవుల్లో చెస్ నేర్పిస్తాండారంట. తల్లిదండ్రులు ఎగబడి పోతాండారు. మనమూ క్యాంపు పెడతాండాం. మీలో ఎవురికి వచ్చు? నేర్పించే టీచరుకు క్యాన్వాసింగు లేదు." ఆఖరి మాట ఆయన నోట్లో ఉండగానే నా చెయ్యి గాలిలో ఉంది. "నాకొచ్చు సార్." ఇది అబద్ధం కాదని ఒట్టేసి చెప్పగలను. లింగాల దగ్గర పల్లెలో ఉండే మా అవ్వ నాకు చిన్నప్పుడు ప్రతి సెలవుల్లోనూ చదరంగం నేర్పింది. బండ మీద సుద్దముక్కతో గళ్ళు గీసి, బుగ్గలో ఆకువక్క కుక్కుకొని ఆడేది మా అవ్వ. ఊళ్ళో ఆమెను గెలిచిన మనిషి లేడు. అలాంటి మనిషి శిష్యురాలిని నేను, చెస్ రాదని ఎలా అనుకుంటాను?

క్యాంపు మేడ మీద గదిలో. పద్నాలుగు మంది పిల్లలు, ఏడు ప్లాస్టిక్ బోర్డులు, రెండు ఫ్యాన్లు. పదకొండు గంటలకు కుర్చీలో కూర్చొని, ఈ వేళకు సైన్స్ సారు ఏ రోడ్డు మీద మాడుతున్నాడో అనుకుంటే కలిగిన ఆనందం గురించి ఎక్కువ చెప్పను, పాపం. పిల్లలకు అవ్వ ఆట అవ్వ నేర్పినట్టే నేర్పాను. బంటు ఎప్పుడూ ఒక్క గడే కదులుతుంది. రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకి తప్పించుకోవచ్చు. బంటు అవతలి కొసకు చేరితే, ఆ వరస కొసన మొదట ఏ కాయ ఉండేదో ఆ కాయ అవుతుంది. ఏనుగు వరసైతే ఏనుగు, గుర్రం వరసైతే గుర్రం. పిల్లలు బుద్ధిగా తలూపారు, ఒక్క ఏడో తరగతి పిల్ల తప్ప. ఆమెకు నేను ప్రశ్నలమ్మ అని పేరు పెట్టుకున్నాను. "మేడం, మా యన్న ఫోన్లో బంటు రెండు గళ్ళు పోతాంది" అంది. నాకు అప్పటికే ఆవలింత వస్తోంది. "ఫోన్లో ఏదేదో చూపిస్తారు. ఫోన్ను నమ్ముతావా, నన్ను నమ్ముతావా?" అన్నాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "మిమ్మల్నే మేడం" అంది. టీచరు బతుకులో అంతకంటే సుఖమైన మాట లేదనుకున్నాను.

రెండో వారంలో పెద్దసారు మెట్లెక్కి వచ్చాడు. "మేడం, వచ్చే ఆదివారం పులివెందులలో పిల్లలకు పోటీలంట. మనోళ్ళ పేర్లు ఇచ్చేసినా. ఒక్క కప్పు రావల్ల. ఫోటో పాంప్లెట్ మీద ఏపిద్దాం. రాలేదంటే క్యాంపు మూసేద్దాం, మీరు సోమవారం నుంచి అందర్తో కలిసి తిరుగుదురు." పోటీ నియమాలు కూడా నా ఫోనుకు పంపించాడు. వాటిని ఆ సాయంత్రం బస్సులో చదివాను. బంటు మొదటిసారి రెండు గళ్ళు పోవచ్చట. రాజు దూకడమన్నది లేదట, దాని బదులు రాజూ ఏనుగూ స్థలాలు మార్చుకొని కోట కట్టుకోవడమట. ఫోనులోనే ఆట ఒకటి ఉంటే, కొత్తగా నేర్చుకునేవాళ్ళ స్థాయి ఎంచుకొని ఆడాను. నాలుగో ఎత్తుకే ఓడిపోయాను. బస్సు ఇంకా ప్రొద్దుటూరు దాటలేదు.

ఇంటికి పోగానే అవ్వకు ఫోను చేశాను.

"అవ్వా, రాజు గుర్రం మాదిరి దూకేది లేదంట."

"ఎవురు సెప్పిరి?"

"ప్రపంచమంతా అట్లనే ఆడుతాండారంట."

"ప్రపంచం వచ్చి నాతో ఆడిందా? నువ్వు యాడ సదివినావో ఏమో, పోయి పండుకోపో."

పడుకోవాలని నాకూ ఉంది. కానీ ఆరు రోజులే ఉన్నాయి. తెల్లవారుజామున లేచి కాసేపు, బస్సులో కమ్మీ పట్టుకొని కాసేపు, ఎత్తులు చదివాను. నడిమి నాలుగు గళ్ళూ ముందు పట్టుకోవాలట. గుర్రాలను తొందరగా బయటికి తేవాలట, మంత్రిని తొందరపడి తిప్పకూడదట. (అవ్వ మొదటే మంత్రిని ఊరి మీదికి తోలేది.) రాజును భద్రం చేశాకే కొట్లాటకు పోవాలట. అవసరం లేకుండా ఒకే కాయను మళ్ళీ మళ్ళీ కదపకూడదట. ఈ సూత్రం మా పెద్దసారుకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది, ఎవరు సెలవు పెట్టినా ఆయన కదిపే కాయను నేనే. పొద్దున ఆరింటికి నేర్చుకున్నది పదకొండింటికి పుట్టుకతో వచ్చినదానిలా నేర్పించేదాన్ని. మూడు రోజులకు బోర్డు మీద నలుపూ తెలుపూ కాకుండా అంతా బూడిదరంగుగా కనిపించసాగింది.

అప్పటికైనా "పిల్లలూ, నేను తప్పు నేర్పాను" అంటే ఒక్క పూటలో అయిపోయేది. అనలేకపోయాను. "ఇప్పటిదాకా చెప్పింది మొదటి మెట్టు, ఇప్పుడు రెండో మెట్టు" అన్నాను. అందరూ సరే అన్నారు. ప్రశ్నలమ్మ మాత్రం, "అంటే ముందు సెప్పింది తప్పా మేడం?" అంది. "తప్పు కాదు మే, పాతది" అన్నాను. (మా వైపు ఆడపిల్లల్ని చనువుగా 'మే' అంటాం.) తప్పు అని ఒప్పుకోకుండా తప్పులు దిద్దడం ఎంత చాకిరీనో అప్పుడే తెలిసింది. ఏది దిద్దానో, ఏది దిద్దలేదో నాకే లెక్క తప్పింది. బంటు రెండు గళ్ళ సంగతి దిద్దాను, రాజు దూకుడు దిద్దాను, కోట నేర్పాను. బంటు కొసకు చేరితే ఏమవుతుందన్నది దిద్దాలని మాత్రం తట్టలేదు. మా పిల్లల ఆటల్లో ఏ బంటూ అంతదూరం ప్రాణాలతో పోలేదు మరి.

ఆదివారం పులివెందులలో ఒక కళ్యాణమండపంలో పోటీ. పెద్దసారు తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకొని వచ్చాడు, ఫోటో కోసం. మధ్యాహ్నానికి మా పిల్లల్లో పదముగ్గురు ఓడిపోయి ఐస్‌క్రీములు తింటున్నారు. ప్రశ్నలమ్మ ఒక్కతే గెలుచుకుంటూ పోయింది. నేను చెప్పిన ప్రతి ముక్కా ఆ పిల్ల అలాగే ఆడుతోంది, నడిమి గళ్ళు, గుర్రాలు, కోట. ఆఖరి ఆట గెలిస్తే కప్పు. అవతలి పిల్లవాడికి రాజు ఒక్కడే మిగిలాడు. మా పిల్లకు రాజూ, ఒక బంటూ. ఆ బంటు గుర్రం వరసలో ఒక్కో గడే పోతోంది, వాడి రాజు అందుకోలేడు. ఈ ఆటలో ఏ వరస కొసకు చేరినా బంటును మంత్రిని చేసుకోవచ్చు. బంటు మంత్రి అయితే చాలు, ఆట మనదే. చూసేవాళ్ళు దగ్గరికి పోకుండా కట్టిన తాడు ఇవతల నేను నిలబడ్డాను. బంటు కొసకు చేరింది. ప్రశ్నలమ్మ పక్కనున్న కాయల్లో చెయ్యిపెట్టి, ఒక్క క్షణం ఆగి, గుర్రాన్ని తీసి గడిలో పెట్టింది.

పోటీ నడిపే సారు వంగి, "గుర్రమేనా పాపా?" అని అడిగాడు. ఆ పిల్ల తలూపింది. రాజూ ఒక్క గుర్రమూ కలిసి ఎవరినీ ఓడించలేవని నేను చదువుకున్నది మూడు రోజుల కిందటే. ఆట సమం అన్నారు. కప్పు వేరే బడికి పోయింది.

పెద్దసారు బయటికి రాగానే ఆ పిల్ల మీద పడ్డాడు. "మంత్రిని ఇడిసిపెట్టి గుర్రాన్ని ఎవురైనా తీసుకుంటారా? బుర్ర యాడ పెట్టినావు?" ప్రశ్నలమ్మ ఏడవలేదు. నావైపు తిరిగింది. "ఫోన్లో మంత్రే వస్తాది మేడం, నాకు తెలుసు. మీరు ఫోన్ను నమ్మద్దంటిరి గదా."

నోరు మూసుకుంటే అదే సర్దుకుపోయేది, పిల్ల పొరపాటుగా మిగిలిపోయేది. వేసవంతా నీడలో ఉండే దారి కూడా ఏదో ఒకటి దొరికేది. కానీ ఆ పిల్ల నావైపే చూస్తోంది.

"దాన్ని తిట్టద్దండి సార్. నేనే అట్ల నేర్పినా."

"మీకు చెస్ వచ్చునంటిరి?"

"మా అవ్వకొచ్చు సార్."

పెద్దసారు చొక్కా చేతులు మడుచుకుంటూ, "రేప్పొద్దున ఎనిమిదికల్లా పాంప్లెట్లు తీసుకోండి మేడం" అన్నాడు.

తిరుగు బస్సులో ప్రశ్నలమ్మ నా పక్కనే కూర్చుంది. చాలాదూరం పోయాక మెల్లగా అడిగింది. "మేడం, ఆ కొత్త ఆట మీకు ఎప్పుట్నించి వచ్చు?" నాకిక అబద్ధమాడే ఓపిక లేదు. "వారం నుంచి మే. పొద్దున నేర్చుకోని మీకు సెప్తాంటి" అన్నాను. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసింది. "వారంలోనే నేర్చుకోని, నన్ను ఆఖరాట దాకా తెస్తిరా? మీరు శానా తెలివైనోళ్ళు మేడం" అంది. నేను కిటికీ వైపు తిరిగాను. ఆ తర్వాత ఏమైందో తెలియదు, నిద్రపోయాను. ఆ పిల్ల భుజం మీదే తలపెట్టి ప్రొద్దుటూరు దాకా నిద్రపోయానని తర్వాత చెప్పారు. ఊరొచ్చేదాకా ఆ పిల్ల కదల్లేదట.

ఆ వేసవంతా ఎండలో తిరిగాను. చిత్రమేమిటంటే, ఆ ఆరు రోజులంత అలసట ఆ ఎండలోనూ రాలేదు. ఇప్పుడు తరగతిలో ఎవరైనా తెలియనిది అడిగితే, "నాకు తెలీదు, చూసొచ్చి రేపు చెప్తా" అని అరనిమిషంలో తేల్చేసి కుర్చీలో కూర్చుంటాను. అంత సులువైన మాటను నోట్లోనే ఉంచుకొని, ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో ఫోనూ పట్టుకొని, ప్రపంచమంతటి చదరంగాన్ని ఆరు రోజుల్లో మింగబోయిన ఆనాటి పిల్ల పంతులమ్మ గుర్తొస్తే నవ్వొస్తుంది, వెంటనే ఆవలింతా వస్తుంది.