తీసేయమన్న రెండు చుక్కలు

2005లో నేను ఖమ్మంలోని ఒక పీజీ కళాశాలలో రసాయనశాస్త్రం చెబుతున్నాను. నా విభాగం ఫిజికల్ ఆర్గానిక్ కెమిస్ట్రీ. ఒక రసాయన చర్య ఎంత వేగంగా జరుగుతోందో కొలిచి, ఆ వేగాన్ని బట్టి లోపల అణువులు ఏ దారిన నడుస్తున్నాయో తేల్చే శాస్త్రమది. మా లాబ్‌లో పెద్ద యంత్రాలేమీ లేవు. వేడిని ఒకే స్థాయిలో నిలిపి ఉంచే నీళ్లతొట్టి, ద్రావణంలో కరెంటు ఎంత పారుతోందో చెప్పే కండక్టివిటీ మీటరు, ఒక స్టాప్‌వాచ్. ప్రయోగం మధ్యలో కరెంటు పోయిందంటే తొట్టి చల్లబడి పొద్దుటి నుంచి చేసిందంతా వృథా అయ్యేది.

సుభద్ర నా దగ్గర పీహెచ్‌డీలో చేరి అప్పటికి మూడేళ్లు దాటింది. టేకులపల్లి అవతల అడవిలో ఒక కోయగూడెం ఆమెది. తండ్రి వ్యవసాయం చేసేవాడు, ఎండాకాలం బీడీలకు వాడే తునికాకు కోసేవాడు. ఆ గూడెంలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆమే. వారంలో నాలుగు రోజులు ఇల్లందులో ఇంటర్ పిల్లలకు పాఠం చెప్పి, మిగతా రోజులు బస్సెక్కి లాబ్‌కు వచ్చేది.

బెంజైల్ బ్రోమైడ్‌ను పిరిడిన్‌తో కలిపి ఆ చర్య వేగాన్ని కొలవడం ఆమె పని. బెంజైల్ బ్రోమైడ్ సీసా మూత తీస్తే చాలు, కళ్లు మండి నీళ్లు కారతాయి. మొదటి నెలలో మా అటెండర్ యాదగిరి నన్ను పక్కకు పిలిచి, "ఏంది సార్, ఆ పిల్లను గంతగనం తిట్టిన్రా? ఒక్కతీరుగ ఏడుస్తున్నది" అన్నాడు. పాడైన ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ను ఆ మాటతోనే బాగు చేయించాను.

ఆ అణువుకు ఒక చివర మెథాక్సీ, మిథైల్, క్లోరో, నైట్రో అంటూ ఒక్కో గ్రూపును మారుస్తూ, ప్రతిసారీ వేగం కొలవాలి. ఆ వేగాలను గ్రాఫ్ మీద చుక్కలుగా పెడితే వచ్చేదాన్ని హామెట్ ప్లాట్ అంటారు. చుక్కలన్నీ ఒకే గీత మీదికి వస్తే చర్య అన్నింటిలోనూ ఒకే దారిన నడిచిందని అర్థం. నా సొంత థీసిస్ నిండా అలాంటి గీతలే. సుభద్ర గ్రాఫ్‌లో కూడా చుక్కలు మెథాక్సీ నుంచి క్లోరో దాకా వరసగా కిందికి దిగాయి. నైట్రోను రెండు వేర్వేరు స్థానాల్లో పెట్టి కొలిచిన చివరి రెండు చుక్కలు మాత్రం ఇంకా దిగాల్సింది పోయి, పైకి లేచాయి.

"శుద్ధి సరిగ్గా చేసి ఉండవు. ఆ రెండూ తీసేసి పేపర్ పంపిద్దాం. గడువు దగ్గరపడుతోంది" అన్నాను.

"మూడుసార్లు క్రిస్టల్ చేసిన సార్. ఎన్నిసార్లు చేసినా గట్లనే వస్తున్నది."

"అయితే తూకంలో తప్పు ఉండొచ్చు."

ఆమె నోట్‌బుక్ తెరిచి నా ముందుకు జరిపింది. తర్వాత, "తప్పయితే ఒక్కోసారి ఒక్కో తీరు రావాలె గద సార్! గీతకు ఒప్పలేదని తీసేస్తే, నేను కొలిచిందెందుకు?" అంది.

నాకు కోపం వచ్చింది. పద్దెనిమిదేళ్లుగా ఈ పని చేస్తున్నవాణ్ని. ఆమె తప్పు ఆమెకే చూపిద్దామని ఆ ఆదివారం ఉదయం నేనే లాబ్‌కు వెళ్లాను. నా చేతులతోనే శుద్ధి చేసి, తూచి, కలిపి, మధ్యాహ్నం దాకా నిమిషం నిమిషానికీ మీటరు చూసి రాసుకున్నాను. లెక్క కట్టాను. సుభద్ర నోట్‌బుక్ తెరిచి పక్కన పెట్టుకున్నాను. రెండు అంకెలూ ఒకటే. ఒంటరిగా ఆ స్టూలు మీద కూర్చుని ఉంటే సిగ్గేసింది.

తర్వాతి వారం ఆమెకు ఆ సంగతి చెప్పాను. ఆమె గెలిచినట్టు నవ్వలేదు. సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచింది.

"పిరిడిన్ డబుల్ చేసి చూస్తా సార్. రెండూ కలిస్తేనే చర్య జరిగేటట్టయితే వేగం గూడ డబుల్ కావాలె. బ్రోమిన్ తనంతట తానే ముందు ఊడిపోయేదైతే, పిరిడిన్ ఎంత పోసినా పెద్దగ ఫరక్ పడొద్దు."

ఇంత సూటి పరీక్ష నాకు తోచనందుకు ఆశ్చర్యపోయాను. పదిహేను రోజులు చేసింది. నైట్రో ఉన్నచోట వేగం సరిగ్గా రెట్టింపయింది. మెథాక్సీ ఉన్నచోట దాదాపు కదల్లేదు. ఒకే చర్య రెండు దారుల్లో నడుస్తోంది. నేను తీసేయమన్న చుక్కలే ఆ రెండో దారిని చూపించాయి. పంపబోయిన పేపర్‌ను చింపేసి మొదటినుంచి రాశాం.

రెండేళ్ల తర్వాత ఆమె వైవా. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు పేరున్న కెమిస్టు, మాట కటువు. ఆ వంగిన గ్రాఫ్ దగ్గర ఆగి, "ఇది ప్రయోగ దోషం కాదని ఏమిటి నమ్మకం?" అన్నాడు. సుభద్ర సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్లింది. ఇరవై నిమిషాలు ఆగకుండా చెప్పింది. ఆయన కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నాడు.

"పిరిడిన్ రెట్టింపు చేసే ఆలోచన మీ గైడ్‌దా?"

ఆమె తటపటాయించి నా వైపు చూసింది. మర్యాదకు అవునంటుందేమోనని భయపడి లేచి నిలబడ్డాను. "కాదు సార్. ఆలోచన ఆమెదే. నేనైతే ఆ రెండు చుక్కలూ తీసేయమన్నాను" అన్నాను. నిండు హాల్లో, నా దగ్గర చదువుకున్నవాళ్ల ముందే. ఆ క్షణంలో నాకు చిన్నతనం అనిపించలేదు, ఛాతీ ఉప్పొంగింది. పరీక్షకుడు ఆమెకు చెయ్యి అందించి, "కంగ్రాచులేషన్స్, డాక్టర్ సుభద్ర" అన్నాడు.

వరండాలో ఆమె తండ్రి తెల్ల పంచెలో నిలబడి ఉన్నాడు. లోపల ఏం చెప్పావని కూతుర్ని కోయలో అడిగినట్టున్నాడు. ఆమె కూడా కోయలోనే జవాబిచ్చింది. నాకు ఆ భాష రాదు, కానీ చేతులను బట్టి పాఠం అర్థమైంది. ముందు ఒక చెయ్యి దానంతట అదే పక్కకు జరిగింది, తర్వాత రెండోది వచ్చి ఆ ఖాళీలో చేరింది. రెండోసారి ఒక చెయ్యి వచ్చి తగిలాకే ఇంకొకటి కదిలింది. పెద్దాయన శ్రద్ధగా విని నా వైపు తిరిగాడు.

"నా బిడ్డ చెప్పింది నిజమేనా సారూ?"

"నిజమే పెద్దాయనా. నేనూ చేసి చూశాను" అన్నాను.

ఆ తర్వాత కూడా చాలామంది నా దగ్గర పీహెచ్‌డీ చేశారు. గీతకు దూరంగా పడిన చుక్కను ఎవరైనా భయపడుతూ పట్టుకొస్తే, తప్పని చెప్పే ముందు ఒకసారి నేనూ బల్ల దగ్గర కూర్చుని కొలిచేవాణ్ని. ఎక్కువసార్లు అది తప్పే అయ్యేది. అయినా కొలవడం మాత్రం మానలేదు.