ఖిదిర్‌పూర్: అడగకుండా రాసిన జవాబులు

విశాఖలో సాయంత్రం బండి ఎక్కేటప్పటికే నాకు ఒళ్లంతా కోపంగా ఉంది. అందులో సగం నా మీదే.

నేను విశాఖలో ఒక ప్రాంతీయ ఆర్థిక పరిశోధన కేంద్రంలో ప్రాజెక్ట్ మేనేజర్‌ని. కోల్‌కతాలోని ఒక సంస్థ మాకో పని అప్పగించింది. ఖిదిర్‌పూర్ రేవు దగ్గర పాత క్వార్టర్స్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలు అక్కడి నుంచి మారడానికి ఒప్పుకుంటాయో లేదో తేల్చాలి. ఇల్లిల్లూ తిరిగే పని ఆ సంస్థే తెలుగు రాయడం వచ్చిన అక్కడి మనుషులకిచ్చి, నింపిన ఫారాలు నాకు పంపింది. వాటిని చూసి ‘దాదాపు అన్ని కుటుంబాలూ మారడానికి సుముఖంగా ఉన్నాయి’ అని నివేదికలో రాసింది నేనే. సమర్పించడానికి వారం ఉందనగా ఫారాలు మళ్లీ తిరగేస్తే, ఫోన్ నంబర్ల గడిలో మూడే నంబర్లు మారి మారి కనిపించాయి. ఒకదానికి చేశాను. ఎవరో టీ దుకాణం వాళ్లు ఎత్తారు.

మా డైరెక్టర్‌కి చెబితే, ఇప్పుడవన్నీ తవ్వడం ఎందుకన్నారు. నాలుగు రోజులు సెలవు పెట్టి టికెట్ నేనే కొనుక్కున్నాను.

ఎదురు బెర్తులో సింహాచలం గారని పెద్దాయన. హౌరా పక్కన టికియాపారాలో రైల్వే పని చేసే కొడుకు దగ్గరికి వెళ్తున్నారు. నా పనేమిటని అడిగారు. జనం ఎలా బతుకుతున్నారో అడిగి రాసే పని అన్నాను.

“సాలామందొచ్చి అడిగెల్తారమ్మా. ఏటి రాసినారో మల్లీ వొచ్చి సెప్పిన మనిసిని నాను సూడనేదు” అని దుప్పటి కప్పుకున్నారు.

పొద్దున్న ఖరగ్‌పూర్‌లో పూరీ, బంగాళాదుంప కూర తిన్నాను. శాలిమార్‌లో దిగేసరికి పదకొండున్నర. టోటో అనే బ్యాటరీ రిక్షాలో పెద్దరోడ్డుకి వచ్చి బస్సెక్కితే విద్యాసాగర్ సేతు దాటించి ఖిదిర్‌పూర్ వైపు దింపుతుంది. మోడ్ అని పిలిచే కూడలి దగ్గర బజారులో ఒక లాడ్జిలో సంచి పడేశాను. గది ఇరుకు, దుప్పటి మాత్రం ఉతికిందే.

క్వార్టర్స్‌కి ఒంటిగంటకి చేరాను. వీధి మధ్యలో ఒకే కుళాయి, దాని చుట్టూ బిందెలు, ప్లాస్టిక్ డబ్బాలు వరసలో ఉన్నాయి. మొదటి ఫారంలో ఉన్న పేరు పైడమ్మ. అరవై దాటిన మనిషి. భర్త రేవులో పని చేసేవాడు, చనిపోయాడు. కాలేజీలో చదివే మనవరాలు మౌసమితో ఉంటోంది. మౌసమి బెంగాలీ, హిందీ గడగడా చదువుతుంది, తెలుగు అక్షరాలు మాత్రం కూడబలుక్కోవాలి. అందుకని ఆ ఫారంలో ఏముందో నేనే పైకి చదివాను. కొత్త చోటికి మారడానికి ఇష్టమేనా? ఇష్టమే. కారణం? మెరుగైన జీవితం.

పైడమ్మ చేస్తున్న పని ఆపి నా ముఖంలోకి చూసింది.

“కులాయి కోసమని పేర్లు రాసుకున్నాడమ్మా, కాయితాలట్టుకొచ్చిన ఆ దాదా. పైపు ఏస్తారు మాసీ, ఇంటికో కులాయి అన్నాడు. ఏలిముద్ర ఎయ్యమంటే ఏసినాం. ఎల్లిపోతామని ఎవులన్నారు?”

పక్కింట్లో అడిగాను, ఆ పై ఇంట్లో అడిగాను. అందరి దగ్గరా కుళాయి మాటే. ఫారాలు నింపినవాళ్లలో ఒక్కరూ గుమ్మం దాటి లోపలికి రాలేదు, ఒక్కరూ మారడం గురించి అడగలేదు. నీళ్ల ఆశ చూపించి వేలిముద్రలు తీసుకున్నారు. వాటి మీద నేను ఏసీ గదిలో కూర్చుని చక్కటి వాక్యం కట్టాను.

బజారుకి పోయి ఖాళీ ఫారాలు జిరాక్స్ తీయించాను. ఆ సాయంత్రం, మర్నాడంతా మౌసమిని తోడు పెట్టుకుని ప్రతి గుమ్మం ముందూ కూర్చుని అడిగాను. వెళ్తామన్నవాళ్లూ ఉన్నారు, చస్తే కదలమన్నవాళ్లూ ఉన్నారు. ఎక్కువమంది మాత్రం పైడమ్మ చెప్పినట్టే చెప్పారు.

“ఎల్లం అని కాదమ్మా. ఎక్కడికో సెప్పండి, నీల్లున్నాయో నేవో సెప్పండి. ఆ చోటు మాకు సూపించండి. అప్పుడు కదా మాం సెప్పేది.”

నా పాత వాక్యం కొట్టేసి ‘ఈ కుటుంబాలను ఎవరూ అడగలేదు’ అని రాశాను. కుళాయి దగ్గర అందరికీ రెండుసార్లు చదివి వినిపించాకే కాగితం మడిచాను.

నాలుగో రోజు పొద్దున్న పదకొండింటికి సాల్ట్ లేక్‌లో ఆ సంస్థ అధికారిని కలిశాను. మర్యాదస్తుడు. నిమ్మకాయ టీ తెప్పించి, ఫారాలు ఓపిగ్గా చూశాడు. ఫీల్డులో ఇలాంటివి మామూలేననీ, చివర్లో చిన్న అక్షరాలతో ఒక గమనిక పెడదామనీ అన్నాడు. ఆ నెమ్మది గొంతు వింటుంటే నా కోపం ఇంకా పెరిగింది.

“వాళ్లని అడగలేదు సార్. అడగలేదనే రాయాలి.”

“అలా రాస్తే ఇక నివేదికే ఉండదు మేడమ్.”

“లేకపోతే లేదు.”

టీ తాగకుండా లేచాను. కింద రిసెప్షన్‌లో కూర్చుని కొత్త ఫారాల ఫొటోలు, మార్చిన వాక్యం, నా సంతకం ఉపసంహరించుకుంటున్న ఉత్తరం, నివేదికని పరిశీలించే సమీక్షా సంఘంలో ఉన్నవాళ్లందరికీ మెయిల్ చేశాను. బయటికొచ్చి సెక్టర్ ఫైవ్‌లో మెట్రో ఎక్కాను. ఇప్పుడది హుగ్లీ కిందుగా నేరుగా హౌరా చేరుస్తుంది. నది ఎప్పుడు దాటామో కూడా గమనించలేదు.

హౌరా నుంచి టోటోలో శాలిమార్ చేరాను. మధ్యాహ్నం మూడు దాటాక బండి కదిలింది. ఖరగ్‌పూర్ దగ్గర మా డైరెక్టర్ ఫోన్. నివేదిక ఆగిపోయిందట. సంఘం వాళ్లు మళ్లీ సర్వే చేయాలన్నారట. అది వేరే మేనేజర్ చూస్తాడట. సెలవులో ఉండి ఈ పనెందుకు చేశానో సోమవారం రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలట. సరేనన్నాను. ఆ ప్రాజెక్టు పోయినందుకు బాధ కలిగింది, దాచుకోను. కోపం మాత్రం బాలాసోర్ దాటినా తగ్గలేదు. తగ్గకపోవడమే మంచిదనిపించింది.

నేను కోల్‌కతా వెళ్లడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ సాల్ట్ లేక్ దాటలేదు, ఆ ఊరు నాకు తెలుసనుకున్నాను. ఖిదిర్‌పూర్ వెళ్లాలనుకునేవాళ్లు మధ్యాహ్నంలోపు చేరండి, ఆ తర్వాత బస్సులు కిక్కిరిసిపోతాయి. అక్కడ తెలుగువాళ్లని చూడగానే కుర్చీ వేస్తారు, ఏది అడిగినా చెబుతారు. కాగితం బయటికి తీసే ముందు మీరు ఏ పని మీద వచ్చారో గుమ్మంలోనే చెప్పండి.