పరేడ్‌లో మా బుజ్జి

ఇవాళ పక్కింటివాళ్లు క్రిస్మస్ బల్బులు వెలిగించగానే నా గుండె ఝల్లుమంది. ఎనభైల్లో అమెరికాలో పెరిగినవాళ్లకి గుర్తుందా? థీమ్ పార్కులో రాత్రిపూట బల్బులతో అలంకరించిన బళ్లు ఊరేగే లైట్ల పరేడ్‌కి ముందు దీపాలన్నీ ఒక్కసారిగా ఆర్పేసేవాళ్లు.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. నాలుగేళ్ల మా చెల్లి బుజ్జి చెయ్యి నా చేతిలో పెట్టి, "వదలకు" అంది అమ్మ. దీపాలు ఆరగానే, ముందుకెళ్లి చూడాలని వదిలేశాను. వెనక్కి తిరిగితే బుజ్జి లేదు.

"బుజ్జీ!" అని అమ్మ అరిచిన అరుపు మ్యూజిక్ హోరులో కలిసిపోయింది. నాన్న జనానికి అడ్డంగా కట్టిన తాడు దాటి రోడ్డు మీదికి పరుగెత్తారు. బల్బుల రైలు వెనకాల, లైట్ల గౌను వేసుకున్న డాన్సర్ చెయ్యి పట్టుకుని, జనానికి టాటా చెబుతూ వస్తోంది బుజ్జి!

నాన్న దాన్ని ఎత్తుకొచ్చారు. అమ్మ ఏడుస్తూనే నన్నూ దగ్గరికి తీసుకుని, "చీకట్లో చెయ్యి జారిపోయిందా తల్లీ?" అంది. తలూపాను.

జారలేదమ్మా. నేనే వదిలాను.