బావ చెప్పిన సముద్రం

మా బావ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను నిర్మల్ బజారులో గాలానికి దారం కొంటున్నాను. దుకాణమాయన మూరలు కొలిచి, కత్తెర పట్టుకుని, "తెంపాల్నా వద్దా, పెద్దాయనా?" అని అడుగుతున్నాడు. ఫోన్‌లో మేనకోడలు ఏడుస్తోంది. ఆయన మళ్లీ అడిగాడు. తెంపమన్నాను. ఆ దారం సముద్రానికి. పోయేది నేను, పంపేది బావ.

బావ అంటే మా చెల్లె పెనిమిటి. మా ఊరే, మా వాడే. మస్కట్‌లో సుతారి పని చేసి, గోడలు కట్టి కట్టి, జుట్టు నెరిశాక ఇంటికి వచ్చాడు. అక్కడ శుక్రవారం సెలవు. తోటివాళ్లు గదిలో పండుకుంటే, ఇండ్లకు ఫోన్లు చేసుకుంటే, ఈయన గురువారం సాయంత్రమే గాలం, రొట్టె, నీళ్ల డబ్బా పట్టుకుని ఒక్కడే సముద్రం ఒడ్డుకు పోయేవాడు. ఎందుకని అడిగితే, "ఫోన్ల మాట్లాడితే ఇల్లు యాదికొస్తది. ఆడ కూసుంటే ఇల్లు ఎదురుంగనే ఉన్నట్టుంటది" అనేవాడు. ఆ నీళ్లకు అవతల ఉన్నది మన బొంబాయి దిక్కు ఒడ్డేనట.

ఆ అవతలి ఒడ్డు మీద ఒక్కసారి నిలబడాలని ఆయన కోరిక. వచ్చాక ఇల్లు కట్టుడు, పిల్లల పెండ్లిళ్లు. అన్నీ ఒడిసేసరికి గుండె చెడింది. డాక్టరు దూరం పోవద్దన్నాడు. అప్పుడు నా మీద పడ్డాడు.

"నువ్వు పోయి రా బామ్మర్ది. జూసొచ్చి నాకు చెప్పు."

నాకు గోదారి తప్ప వేరే నీళ్లు తెలియవు. గాలం పట్టుడులో మాత్రం మా చుట్టుపక్కల ఊర్లలో నా ముందు నిలిచినవాడు లేడు. ఎవరినైనా అడగండి. అందుకే, "నీళ్లు నీళ్లే గదా బావా, ఫికర్ ఎందుకు?" అన్నాను.

"అట్లనా? మరి తాగనీకి ఏం పట్టుకపోతవ్?"

"నీళ్లల్లకే గదా పోయేది, మల్ల నీళ్లు మోసుకపోవుడేంది?"

బావ మంచం మీద నుంచి పడేంత నవ్వాడు. "ఓ పిల్లా, జర ఇటు రా! మీ అన్న సముద్రం తాగుతడట!" అని మా చెల్లెను పిలిచి మళ్లీ నవ్వాడు. గోదారి ఒడ్డుకు నీళ్లు మోసుకుపోయినవాడిని పుట్టిన కాడి నుంచి నేను చూడలేదు. నవ్వితే నవ్వాడు.

ఈ చలికాలమంతా మాకు అదే పని. పొద్దెక్కేసరికి నేను ఆయన అరుగు మీద ఉండాలి. తాంబాలంలో నీళ్లు పోసి, ఇటు వంచి అటు వంచి, సముద్రం రోజూ ఎట్లా వస్తుందో ఎట్లా పోతుందో చూపేవాడు. మేము గోదారి ఒడ్డున నీళ్ల పక్కనే పక్క వేస్తాం. సముద్రం కాడ అట్లా వేస్తే పక్కా పోతుంది, మనిషీ పోతాడు. "ఇసుకల ఎండిన నాచు గీత ఉంటది. నీళ్లు ఆడిదాకనే ఎక్కుతయ్. దానికి మీదనే పండు" అనేవాడు. గుడారం మేకు ఇసుకలో నిలవదట. సంచిలో ఇసుక నింపి, తాడు కట్టి, దాన్ని పాతిపెట్టాలి.

"నా తాంబాలం ఇస్తరా, ఇయ్యరా? పిండి పిసుకాలె" అని మా చెల్లె వచ్చి నిలబడేది.

"ఆగు, సముద్రం ఇంకా తగ్గలే" అనేవాడు.

నా కొడుకును తోడు తీసుకుపోతానంటే ఒప్పుకోలేదు. "ఇద్దరు పోతే కొండగట్టు జాత్ర అయితది. ముచ్చట్లు పెట్టుకుంట కూసుంటరు. ఒక్కనివే పో, అప్పుడు జూస్తవ్" అన్నాడు. నేను మొండివాడినని అందరూ నాకు ఏదైనా నేర్పడం ఎప్పుడో మానేశారు. ఈ వయసులో నాకు కొత్తగా ఒకటి నేర్పింది ఆయన ఒక్కడే.

బావ దినాలు అయిపోయాక పోతానన్నాను. "ఇప్పుడు ఎవరి కోసం పోతున్నవ్?" అన్నారు మా ఇంట్లో. నిజమే. ఒక్కడినే పోవడం కష్టం కాదు. చూసి వచ్చాక చెప్పుకోవడానికి ఆ అరుగు మీద మనిషి లేడు. మా చెల్లె మాత్రం నీళ్ల డబ్బా నింపి నా చేతికి ఇచ్చింది.

ఆదిలాబాద్‌లో రైలెక్కి, బొంబాయి దాటి, బస్సు మారి, చేపలు పట్టేవాళ్ల ఊరొకటి చేరాను. గంప ఎత్తుకున్న ముసలామె నన్ను చూసి "ఏకటేచ్ ఆలాత్ కా?" అంది. మా దిక్కు మరాఠీ కొత్త కాదు. ఒక్కడినే వచ్చానమ్మా అన్నాను.

ఎండిన నాచు గీత ఉంది. దానికి పైన గుడారం వేశాను. ఇసుక సంచి కదల్లేదు. అంతా ఆయన చెప్పింది చెప్పినట్టే ఉంది. బావ కూర్చున్న మస్కట్ ఒడ్డు మాత్రం కనబడలేదు, నీళ్లే.

పొద్దు వాలుతుండగా గాలం విసిరి నీళ్ల అంచున నిలబడ్డాను. అల వచ్చి, వెనక్కి పోతూ పోతూ నా కాళ్ల కింది ఇసుకను తోడుకుపోయింది. ఉలిక్కిపడ్డాను. గోదారి నన్ను ఎన్నడూ అట్లా చేయలేదు. ఇన్ని చెప్పిన మనిషి ఈ సంగతి చెప్పలేదు. మరిచిపోయాడో, నన్నే చూసుకోమని ఊరుకున్నాడో. మళ్లీ అల వచ్చింది. పక్కకు జరగకుండా, గాలం కర్ర పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. మడమలు దిగాయి. తర్వాత చీలమండలు.