అత్తమ్మ పరుపులో గుంత

మా అత్తమ్మ నడుము నొప్పి సగం నాటకమని నేను ఆరేళ్లు నమ్మాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ అది దాచిపెడితే మిగతాది చెప్పీ లాభం లేదు. బడిలో లెక్కలు చెప్పేదాన్ని, రుజువు లేనిదే ఏదీ నమ్మని బుద్ధి నాది. ఆమె నొప్పికి రుజువు దొరికేది కాదు.

పొద్దున కళ్లు తెరవగానే షురూ అయ్యేది. "అబ్బా, నడుము పట్టుకున్నది. మెడ తిరుగుతలేదు బిడ్డా." నేను ఒక చేత్తో టిఫిన్ డబ్బాలు సర్దుతూ, ఇంకో చేత్తో నొప్పుల నూనె సీసా ఆమె మంచం మీద పెట్టేసి వెళ్లేదాన్ని. సెలవు రోజున చూస్తే, పదకొండు కొట్టేసరికి అదే మనిషి మెట్లు దిగి, బన్సీలాల్‌పేట్‌లో మా సందంతా తిరిగి, ఎవరింట్లో ఏం కూరో కనుక్కుని వచ్చేది. ఒక ఆదివారమైతే మామిడికాయ తొక్కు జాడీ ఒక్కతే ఎత్తి గూట్లో పెట్టింది. పొద్దున మంచం దిగలేని మనిషి! పనికి నొప్పి, పెత్తనానికి ఓపిక అనుకున్నాను. ఆమె మొహం మీద అనలేదు గానీ మా ఆయనతో అన్నాను.

బోయిన్‌పల్లిలో చుట్టాల పెళ్లికి వెళ్లినప్పుడు నా అనుమానం ఇంకా గట్టిపడింది. అక్కడ మూడు రోజులు అందరం ఫంక్షన్ హాల్లో కింద పడుకున్నాం. అద్దెకు తెచ్చిన పరుపులు, అప్పడాల్లా ఉన్నాయి. నాకే ఒళ్లంతా పచ్చిపుండైంది. అత్తమ్మ మాత్రం అందరికన్నా ముందు లేచి, స్నానం చేసి, పసుపు దంచే దగ్గర పాటలు అందుకుంది. నేను పళ్లు కొరుక్కున్నాను. నా ఇంట్లో ఉంటేనే నొప్పి, బయటికొస్తే లేదన్నమాట!

ఇదంతా మొన్నామధ్య డాక్టరు దగ్గర కక్కేశాను. అత్తమ్మను బయట కూర్చోబెట్టి, "పెళ్లిలో మూడు రోజులు ఏ నొప్పీ లేదు సార్, ఇంటికి రాగానే మళ్లీ మొదలు" అన్నాను, దొంగను పట్టించినంత ఉత్సాహంగా. ఆయన ఎక్స్‌రే పక్కన పెట్టి, "ఇంట్లో ఏ పరుపు మీద పడుకుంటారు?" అని అడిగారు.

"దూది పరుపు సార్. పాతది."

"మధ్యలో కుంగిందా?"

నాకు తెలియదు. ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఆ పరుపు మీద నా చెయ్యి పడలేదు.

"ఎముకలు వయసుకు తగ్గట్టే ఉన్నాయి" అన్నారాయన. "ప్రతి నొప్పికీ పరుపే కారణమని నేను చెప్పను. కానీ లేవగానే ఎక్కువగా ఉండి, తిరిగినకొద్దీ తగ్గుతూ, వేరేచోట పడుకుంటే రావట్లేదంటే ముందు ఆ పరుపు సంగతి చూడండమ్మా. గుంతలో పడుకుంటే నడుము తెల్లవార్లూ వంగే ఉంటుంది."

నేను బిత్తరపోయాను. నాటకానికి రుజువని తీసుకెళ్లింది నొప్పికి రుజువైంది. ఆటోలో వస్తూ ఆమె మొహం చూడలేకపోయాను.

కొత్త పరుపు కొందామంటే అత్తమ్మ ఒప్పుకోలేదు. పాతదాని దూదే ఏకిద్దామంటే అసలు విననే లేదు. "నా పరుపు ముట్టుకుంటే మంచిగుండదు పిల్లా, చెప్తున్నా" అంది. ఆ మాట కొత్తేం కాదు. ఆ పరుపు మీద దుప్పటైనా, తొడుగైనా ఆమే తీసేది, ఆమే ఉతికేది, తలుపు దగ్గరేసుకుని ఆమే తొడిగేది. నేను దాన్ని మడి అనుకునేదాన్ని, చాదస్తం అనుకునేదాన్ని.

ఒకప్పుడు ఆ గదిలో రెండు మంచాలు, రెండు పరుపులు. రెండూ ఒకే తాను చారల గుడ్డతో ఒకే రోజు కుట్టించినవి, ఒకటి మామయ్యది, ఒకటి అత్తమ్మది. ఆరేళ్ల కిందట మామయ్య తన పరుపు మీద నిద్రలోనే పోయారు. పోయినవారి పరుపు మా ఇళ్లలో ఉంచుకోరు. పదకొండో రోజు లోపల ఎవరికైనా ఇచ్చేయాలి. అత్తమ్మే దాన్ని చుట్టి, తాడుతో కట్టి వరండాలో పెట్టింది. తీసుకుపోయే మనిషి వస్తే నా చేతులతో నేనే అందించాను. అప్పటినుంచే ఆమెకు నొప్పులు. దిగులు వల్ల అన్నారు కొందరు, వయసు వల్ల అన్నారు ఇంకొందరు. నేను అనుకున్నది ముందే చెప్పాను.

ఆమె వినకపోతే నేను వింటానా? శనివారం బడికి సెలవు. "బిడ్డను చూసి చాలా రోజులైంది కదా అత్తమ్మా" అని నచ్చజెప్పి, ఏ.ఎస్. రావు నగర్‌లో ఉన్న ఆమె కూతురింటికి పంపించాను. దూది ఏకే మిషను పెట్టుకుని ట్రాలీ ఆటోలో తిరిగే మనిషి మా సందులోకి వస్తూనే పిలిచి, పరుపును తొడుగుతో సహా కిందికి దింపించాను.

అతను దాన్ని పరిచి మధ్యలో చెయ్యి పెట్టాడు. మోచేతి దాకా దిగినట్టనిపించింది. "మీ ఇంట్ల పెద్దాయన బాగ భారీ మనిషా అమ్మా?" అన్నాడు.

"ఇది మా అత్తమ్మది. పుల్లలా ఉంటుంది."

"అయితే గీ గుంత ఆమెది కాదమ్మా. చూడుండ్రి, భుజాలు గీడ, నడుము గీడ. ఆరడుగుల మనిషి ఏండ్లకొద్ది పండుకుంటెనే గిట్ల పడ్తది. నేను రోజు చూసేదే గిది."

"పాతబడితే ఏ పరుపుకైనా గుంత పడుతుంది. నీ పని నువ్వు కానీయ్" అని కసిరి, కుక్కరు విజిల్ వినిపిస్తే పైకి వెళ్లాను.

దిగి వచ్చేసరికి మిషను మోగుతోంది. దూది అంతా తెల్లగా పొంగి కుప్పయింది. దులిపిన ఖాళీ గుడ్డ మా గేటు మీద వేలాడుతోంది. దాని మీద, తలవైపు, అరచేయంత ఆకుపచ్చ అతుకు.

ఆ అతుకు నాది. మామయ్య పడుకుని సిగరెట్ కాలుస్తూ పరుపుకు చిల్లు పెడితే, "ఇల్లు తగలబెడతారా?" అని తిడుతూ, నా జాకెట్టు ముక్కతో నేనే వేశాను. నా కుట్టు వంకర నాకు తెలుసు. ఆ పరుపును నేనే ఇచ్చేశాను కదా! మామయ్య ప్రాణం పోయిన పరుపు ఆరేళ్లుగా నా ఇంట్లోనే ఉంది. నా పిల్లలు దాని మీద పడి దొర్లారు. నాయనమ్మ పక్కలో కథలు విన్నారు.

"ఆపు! ఆపు!" అని అరిచాను. అతను బెదిరిపోయి మిషను ఆపాడు. "ఏమైందమ్మా? మొత్తం అయిపోయింది గదా."

మొత్తం నువ్వే పట్టుకుపో అనబోయాను. నోరు తెరిచాను కూడా. ఆ గుంత ఆమెది కాదని అతనన్న మాట అప్పుడు తగిలింది నాకు. ఆమె వద్దన్నది పరుపు ముట్టుకోవద్దని కాదు, ఆ గుంతను ముట్టుకోవద్దని. అది ఇక లేదు. మెట్ల మీద కూలబడ్డాను.

"కొత్త గుడ్డ వేద్దామా అమ్మా?" అని అడిగాడు. వద్దు, అదే వెయ్యమన్నాను. అతుకు తలవైపే ఉండేలా దగ్గరుండి కుట్టించాను.

సాయంత్రం అయిదింటికి అత్తమ్మ వచ్చింది. మంచం మీద పరుపు ఉబ్బి, సమంగా ఉంది. సంచి కింద పెట్టి, దాని మధ్యలో అరచెయ్యి ఆనించింది. అటూ ఇటూ జరిపింది.

"ఏకిచ్చినవా?"

అడగడానికి దాచుకున్న మాటలన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి. "ఇది మామయ్య పరుపు కదా అత్తమ్మా! నేను ఇచ్చింది మీదా? ఇంట్లో పిల్లలున్నారు, మీకు భయం వేయలేదా?"

"మీ మామను చూసి నాకేం భయం?" అంది ఆమె. "నాది అప్పుడే ఏకిచ్చిన పరుపు. మంచిదే ఇచ్చిన, పుణ్యమే గదా. గుంత పడ్డది ఎవలకిస్తం?"

"దీనివల్లే నొప్పి అని మీకు తెలుసా?"

"తెల్వకేం బిడ్డా? బతికున్నన్ని దినాలు గురకతోని నిద్ర పోనియ్యలే, పోయినంక గుంతతోని పోనిస్తలేడు. ఒడ్డుకు పండుకున్నా జారి అండ్లకే వస్తుంటి." నవ్వబోయింది. చెయ్యి మాత్రం పరుపు మీద ఇంకా వెతుకుతూనే ఉంది. "జెర నన్ను అడిగితే అయిపోవు గదా" అంది.



ఆ తర్వాత రెండు రోజులు పొద్దున "అబ్బా" అన్న మాట వినిపించింది. మూడో రోజు కాస్త తగ్గింది. వారం తిరిగాక ఒక పొద్దున ఏ చప్పుడూ లేదు. గరిటె పొయ్యి గట్టు మీద పడేసి పరిగెత్తాను. అత్తమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. నిటారుగా.

"ఎట్లుంది అత్తమ్మా?"

నడుము తడుముకుంది. మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "నొప్పి లేదు బిడ్డా" అంది. అని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వలవలా ఏడ్చింది.

ఆ ఒక్క మాట కోసమే ఆరేళ్లు విసుక్కున్నాను. ఏం చేయాలో తెలియక, గూట్లోంచి నొప్పుల నూనె సీసా తీసుకుని ఆమె వెనక కూర్చున్నాను. మొదటిసారి నా చేతులతో, నొప్పి లేని ఆ నడుముకు రాశాను. అత్తమ్మ వద్దనలేదు.